వంద మందిని అడిగితే చాలా? కాకినాడ ఎక్స్‌పెరిమెంట్ నుంచి కోనసీమ పీచు యూనిట్ దాకా

 

పోయిన వారం కొత్తపేట వైపు నుంచి ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. ఎంబీఏ ఆఖరి సంవత్సరం చదువుతోంది. "అన్నా, నా ప్రాజెక్టు కొబ్బరి పీచు యూనిట్లలో పనిచేసేవాళ్ళ జాబ్ శాటిస్‌ఫాక్షన్ మీద. వంద శాంపిల్ తీసుకుంటే సరిపోతుందన్నారు. నిజంగా సరిపోతుందా?" అని. ఒక్క లైన్లో రిప్లై ఇచ్చేద్దామని మొదలుపెట్టా. టైప్ చేస్తుంటే అది అలా పెరిగిపోయింది. సరే, ఎపిసోడే చేసేద్దాం అనిపించింది. ఎందుకంటే ఇది ఆ ఒక్క ప్రాజెక్టు గొడవ కాదు. పనిచేసే మనుషుల గురించి పుస్తకాల్లో ఏవేవో రాసుంటాయి కదా, అవి ఎవరిని అడిగి రాశారు అన్నది ఇందులో ఉంది.

టాపిక్ పేరు కొంచెం పెద్దది: వర్క్‌ప్లేస్ సైకాలజీ. పనిచేసే చోట మనిషికి విసుగెందుకొస్తుంది, హుషారెందుకొస్తుంది, ఎందుకు మానేస్తాడు, కష్టంగా ఉన్నా ఎందుకు అంటిపెట్టుకుని ఉంటాడు, ఇవన్నీ చదివే శాస్త్రం. కంపెనీల్లో హెచ్ఆర్ వాళ్ళు పెట్టే సర్వేలు, ఉద్యోగంలో చేరేముందు ఇచ్చే పర్సనాలిటీ టెస్టులు, మోటివేషన్ ట్రైనింగులు చాలావరకు ఇక్కడి నుంచి వచ్చినవే. అంటే రేపు మీ ఉద్యోగం, మీ ప్రమోషన్ కూడా ఎక్కడో ఎవరినో అడిగి కట్టిన లెక్క మీద నడవొచ్చు. అందుకని కొంచెం ఓపిగ్గా వినండి.

ముందు సంఖ్య సంగతి తేల్చేద్దాం.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకు చూస్తే చాలంటారు మన ఇళ్ళల్లో. శాంపిలింగ్ అంటే అంతేనండి. కానీ ఆ మాట నలుగురికి వండిన గిన్నెలో చెల్లుతుంది. పెళ్ళికి గాడిపొయ్యి మీద గుండిగ ఎక్కించారనుకోండి. అడుగున మాడుతుంటే పైన ఇంకా పలుకుగానే ఉంటుంది. వంటాయన పైనున్న మెతుకు చూసి దింపేయడు. గరిటె అడుగుదాకా పోనిచ్చి, నాలుగు పక్కలా తిరగేసి, అప్పుడు పట్టుకు చూస్తాడు. మెతుకు ఒకటా పదా అన్నది తర్వాత. గరిటె ఎక్కడిదాకా వెళ్ళింది అన్నది ముందు.

గరిటె బాగానే తిప్పారనుకుందాం. అంటే పనివాళ్ళందరి పేర్లూ ఒక లిస్టులో ఉన్నాయి, లాటరీ తీసినట్టు అందులోంచి వంద మందిని తీశారు. అప్పుడు లెక్క చాలా సులువు. ఎంతమందిని అడిగారో ఆ సంఖ్యకి వర్గమూలం కట్టి, ఒకటిని దాంతో భాగించండి. వందకి వర్గమూలం పది. ఒకటిని పదితో భాగిస్తే పదో వంతు, అంటే 10 శాతం. వందలో 60 మంది "పని బాగానే ఉంది" అన్నారంటే, అసలు సంగతి 50కీ 70కీ మధ్యలో ఎక్కడో ఉందని చెప్పొచ్చు. ఇలా ఇరవై సర్వేలు చేస్తే సుమారు పంతొమ్మిదింట్లో ఈ మాట నిలబడుతుంది. 400 మందిని అడిగితే ఆ తేడా అటూ ఇటూ 5 శాతానికి తగ్గుతుంది. చూశారా, తేడా సగం తగ్గాలంటే మనుషులు నాలుగు రెట్లు కావాలి. చాలా ఒపీనియన్ పోల్స్ వెయ్యి, రెండు వేల దగ్గర ఆగిపోయేది ఇందుకే. అక్కడి నుంచి ఖర్చు ఎక్కువ, లాభం తక్కువ.

ఇంకో సంగతి చెప్తే చాలామంది నమ్మరు. ఊళ్ళో పనివాళ్ళు రెండు వేలమంది ఉన్నా, జిల్లా మొత్తం మీద రెండు లక్షలమంది ఉన్నా, వంద మంది శాంపిల్‌లో వచ్చే తేడా ఇంచుమించు అంతే. గుండిగ పెద్దదైంది కదా అని మెతుకులు ఎక్కువ పట్టుకోనక్కర్లేదు, బాగా కలిపినంతవరకు.

కాకపోతే ఆ వందని ముక్కలు చేయడం మొదలుపెట్టారా, అయిపోయారు. వందలో మగవాళ్ళు 30 మందే ఉన్నారనుకోండి. వాళ్ళ గురించి మీరు చెప్పే ఏ మాటకైనా తేడా అటూ ఇటూ 18 శాతం. ఆ 30ని మళ్ళీ వయసు ప్రకారం మూడు చేస్తే పదేసి మంది. పది మందికి పై చార్ట్ గీస్తే రంగులు బాగుంటాయి తప్ప అందులో సమాచారం ఉండదు. మన ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇలాంటి పై చార్టులు పాతిక ముప్పై ఉంటాయి. చూస్తే నాకు జాలేస్తుంది, గీసినవాళ్ళ మీద కాదు, జవాబులు చెప్పినవాళ్ళ మీద.

సంఖ్య పెద్దదైతే ఈ గొడవలన్నీ పోతాయా? పోవు. దీనికి ప్రపంచంలో అందరూ చెప్పే ఉదాహరణ ఒకటుంది, ఒక్క నిమిషంలో చెప్పేస్తా. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక అధ్యక్ష ఎన్నికల మీద కోటి మందికి బ్యాలెట్ కార్డులు పంపింది. ఇరవై మూడు లక్షలకి పైగా తిరిగొచ్చాయి. లాండన్ గెలుస్తాడని ప్రకటించారు. తీరా చూస్తే రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఆ కోటి పేర్లూ ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసుకున్నవి. 1936లో, అంత కరువు రోజుల్లో, ఫోనూ కారూ ఎవరికుంటాయి? పైగా కార్డు తిరిగి పంపినవాళ్ళు పంపనివాళ్ళలాంటి వాళ్ళు కాదు. ఇరవై మూడు లక్షల మెతుకులూ గుండిగలో ఒకే పక్క నుంచి తీశారన్నమాట.

ఇక్కడ మన తెలుగాయన్ని ఒకసారి తలుచుకోవాలి. సి.ఆర్. రావు గారు, కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎంఏ చేసి, కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళారు. 1945లో, ఇంచుమించు మీ వయసులో, ఒక పేపర్ రాశారు. చేతిలో ఉన్న శాంపిల్‌తో ఎంత తెలివిగా లెక్క కట్టినా అంచనాలో తప్పు ఒక హద్దు కన్నా తగ్గదు, ఆ హద్దు ఇదీ అని చూపించారు. ప్రపంచమంతా దాన్ని క్రామర్-రావు బౌండ్ అంటుంది. 2023లో 102 ఏళ్ళ వయసులో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకుని, ఆ ఏడాది ఆగస్టులోనే వెళ్ళిపోయారు. ఆయన చూపించిన హద్దు సరైన శాంపిల్ ఉన్నప్పటిది. ఎవరిని అడగాలో వాళ్ళని అడగకపోతే జరిగే తప్పుకి ఏ ఫార్ములా కూడా హద్దు కట్టదు.

సరే, ఇప్పుడు మన కథలోకి వద్దాం. బీకాం, బీబీఏ, ఎంబీఏ వాళ్ళు ఎంట్రప్రెన్యూర్‌షిప్ సబ్జెక్టులో "కాకినాడ ఎక్స్‌పెరిమెంట్" అని షార్ట్ నోట్ రాసుంటారు. కాకినాడ పేరు చూసి ముచ్చటపడి, రాసేసి, మర్చిపోయుంటారు. కోనసీమ ఇప్పుడంటే వేరే జిల్లా, 2022 ఏప్రిల్‌లో అయింది. అప్పట్లో మనందరిదీ తూర్పు గోదావరే, కాకినాడ మన జిల్లా కేంద్రం.

డేవిడ్ మెక్లీలాండ్ అని హార్వర్డ్‌లో సైకాలజీ ప్రొఫెసర్. 1961లో ది అచీవింగ్ సొసైటీ అని పుస్తకం రాశాడు. కొన్ని సమాజాలు ఎదగడానికి, కొన్ని ఎదగకపోవడానికి కారణం మనుషుల్లో ఉండే ఒక రకమైన తపన, ఏదో ఒకటి బాగా చేసి చూపించాలి అనే కోరిక, అన్నాడు. దానికి అచీవ్‌మెంట్ మోటివేషన్ అని పేరు. దాన్ని కొలవడానికి ఒక బొమ్మ చూపించి "దీని మీద కథ రాయండి" అంటారు. ఒకాయన కూర్చుని ఆలోచిస్తున్న బొమ్మ అనుకోండి. "భార్య గుర్తొచ్చింది" అని రాస్తే ఒక లెక్క, "ఈ మిషన్ ఇంకా బాగా ఎలా నడపాలా అని ఆలోచిస్తున్నాడు" అని రాస్తే ఇంకో లెక్క.

ఆ తపన పెద్దయ్యాక కూడా నేర్పొచ్చా అన్నది అతని ప్రశ్న. అది పరీక్షించడానికి 1964లో కాకినాడ వ్యాపారస్తుల్ని ఎంచుకున్నారు. 52 మంది. బ్యాచులుగా హైదరాబాద్ తీసుకెళ్ళారు, సియెట్ అని చిన్న పరిశ్రమల ట్రైనింగ్ సంస్థకి. యూసఫ్‌గూడలో ఉంది, ఇప్పుడు దాని పేరు నిమ్స్‌మే. రోజుల తరబడి అక్కడే బస, అక్కడే తరగతులు, ఆటలు, కథలు రాయడాలు. పోల్చి చూడ్డానికి రాజమండ్రిని పెట్టుకున్నారు, అలాంటిదే ఇంకో టౌన్ అని. తర్వాత వీళ్ళు ఏం చేశారో వెనకాలే వెళ్ళి చూశారు. కొత్త వ్యాపారం పెట్టారా, కొత్తగా పెట్టుబడి పెట్టారా, ఎంతమందికి పని ఇచ్చారు. అదంతా కలిపి డేవిడ్ వింటర్ అనే ఆయనతో కలిసి 1969లో పుస్తకం వేశాడు. ట్రైనింగ్‌కి ముందు మూడో వంతు మందే అలా చురుగ్గా ఉంటే, తర్వాత మూడింట రెండు వంతులు అయ్యారన్నది క్లుప్తంగా ఫలితం.

"52 మందేనా?" అని నవ్వేసేవాళ్ళున్నారు. తొందరపడకండి. మన వర్గమూలం లెక్క వేసి చూద్దాం. లాటరీ తీసిన శాంపిల్ కాదు కాబట్టి ఇది ఉజ్జాయింపే. 52కి తేడా సుమారు 14 శాతం. ముందు 33 శాతం, పైకి వేసినా 47. తర్వాత 67 శాతం, కిందకి వేసినా 53. రెండూ కలవట్లేదు. అంటే అంత పెద్ద మార్పు కనిపించడానికి 52 మంది సరిపోతారు. సంఖ్య మీద నాకు పేచీ లేదు.

నా పేచీ ఎవరు అన్నదాని దగ్గర. పుస్తకం వాళ్ళని పిలిచే మాటే బిజినెస్‌మెన్. సొంత దుకాణమో మిల్లో ఉన్నవాళ్ళు. అది రోజుల తరబడి వదిలేసి హైదరాబాద్ వెళ్ళగలిగినవాళ్ళు. వెళ్ళారంటే అన్ని రోజులు కొట్టు చూసుకోవడానికి వెనకాల ఒకరున్నారని కదా. కొడుకో, తమ్ముడో, గుమాస్తానో. ఆ గుమాస్తాకి బొమ్మ చూపించి కథ రాయమంటే ఏం రాసేవాడు? ఇది అల్లాటప్పా ప్రశ్న కాదు. ట్రైనింగ్ తర్వాత ఎంతమందికి కొత్తగా పని దొరికింది అన్నది స్టడీలో విజయానికి ఒక కొలత. అంటే పనివాళ్ళు ఆ స్టడీలో ఉన్నారు, కాకపోతే అంకెగా ఉన్నారు. ఆ పని ఎలా ఉంది, ఎంత కాలం నిలిచింది అని చెప్పే మనుషులుగా కాదు.

అమలాపురం, రాజోలు వ్యాపారస్తులు కూడా అందులో లేరు. అప్పటికి ఎదుర్లంక దగ్గర యానాం వంతెన లేదు, గోదావరి పంటు మీద దాటాల్సిందే. అయినా మెక్లీలాండ్‌ని ఇందుకు తప్పు పట్టను. అతను అడిగింది ఒక టౌన్‌లో వ్యాపారస్తుల గురించి, వెళ్ళింది వ్యాపారస్తుల దగ్గరికి. గడబిడంతా తర్వాత జరిగింది. 52 మంది కాకినాడ వ్యాపారస్తులు షార్ట్ నోట్‌లోకి వచ్చేసరికి "మనిషి" అయిపోయారు. "మనిషికి మోటివేషన్ నేర్పితే ఎదుగుతాడని రుజువైంది" అని రాసి ఐదు మార్కులు తెచ్చుకుంటాం. ఈ రోజుకీ స్వయం ఉపాధి ట్రైనింగుల్లో అచీవ్‌మెంట్ మోటివేషన్ అని ఒక సెషన్ ఉంటుంది. ఉండనివ్వండి, మంచిదే. కానీ ఒక కుర్రాడు అప్పు తెచ్చి పీచు యూనిట్ పెట్టి, కరెంటు బిల్లు కట్టలేక, సరుకు అమ్ముడుపోక మూసేశాడనుకోండి. "నీలో తపన లేదురా" అనడానికి ఆ 52 మంది సాక్ష్యం పనికిరాదు. వాళ్ళల్లో అతనిలాంటివాడు ఎవడూ లేడు.

మన దగ్గరే ఇలా అనుకోకండి. వర్క్‌ప్లేస్ సైకాలజీకి పునాది అని చెప్పే హాథార్న్ ప్రయోగాలున్నాయి కదా, షికాగో పక్కన వెస్ట్రన్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీలో. 1927లో మొదలైన రిలే అసెంబ్లీ గదిలో ఫలితాలు లెక్క కట్టింది ఐదుగురు అమ్మాయిల పని మీద. మధ్యలో ఇద్దరు కబుర్లు ఎక్కువ చెప్తున్నారు, పని సరిగ్గా చేయట్లేదని తీసేసి వేరే ఇద్దర్ని పెట్టారు. ఇద్దర్ని మారిస్తే శాంపిల్‌లో 40 శాతం మారిపోయినట్టు! ఆ గది గురించి దాదాపు వందేళ్ళుగా పాఠాలు చెప్పుకుంటున్నాం.

2008లో జెఫ్రీ ఆర్నెట్ అనే సైకాలజిస్ట్ అమెరికాలో పేరున్న ఆరు సైకాలజీ జర్నల్స్ తీసి, అందులో పాల్గొన్నవాళ్ళు ఎక్కడివాళ్ళో లెక్కపెట్టాడు. 68 శాతం అమెరికావాళ్ళే. మిగతా పాశ్చాత్య దేశాలు కూడా కలిపితే 96 శాతం. మనమంతా ఆ మిగిలిన నాలుగులో సర్దుకోవాలి. ఇక మన సబ్జెక్టుకే వస్తే, 2016లో మిండీ బెర్గ్‌మన్, వెనెస్సా జీన్ అనే ఇద్దరు రీసెర్చర్లు ఈ రంగంలో వచ్చిన పేపర్లు తీసి చూశారు. మేనేజర్లు, ప్రొఫెషనల్స్, నెల జీతంవాళ్ళు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉన్నారు. గంట కూలీవాళ్ళు, కాంట్రాక్టువాళ్ళు, ప్రత్యేకంగా చదువూ ట్రైనింగూ అక్కర్లేదనుకునే పనుల్లోవాళ్ళు బాగా తక్కువ. వాళ్ళ పేపర్ టైటిలే "పనివాళ్ళంతా ఎటుపోయారు?" అనే అర్థంలో ఉంటుంది. అది అమెరికా సంగతి. మన దేశంలో పనిచేసేవాళ్ళలో పదికి సుమారు తొమ్మిది మంది అసంఘటిత రంగంలోనే ఉన్నారు. మరి మన గురించి ఆ పుస్తకాల్లో ఎంతుంటుందో ఆలోచించండి.

శాంపిల్‌లో లేకపోతే పోయేది జవాబులు మాత్రమే కాదు. ప్రశ్నలు కూడా వాళ్ళ చుట్టూనే తయారవుతాయి. జాబ్ స్ట్రెస్ ఫామ్ ఏదైనా తెరవండి. "మీ మేనేజర్ మీకు ఫీడ్‌బ్యాక్ ఇస్తారా?" "డెడ్‌లైన్లు ఒత్తిడిగా ఉంటాయా?" అని ఉంటుంది. దింపు కార్మికుడికి డెడ్‌లైన్ ఏంటి? చెట్టు మీద ఉండగా గాలి లేస్తే ఏంటి అన్నది అతని ఒత్తిడి. ఆ ప్రశ్న ఫామ్‌లో లేదు. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆడవాళ్ళని చూడండి. 2023లో జీఐ ట్యాగ్ వచ్చింది, పేరు ప్రపంచమంతా తెలుసు. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద అలా పరిచి తీస్తే రేకు వస్తుంది. కింద కొబ్బరాకుల మంట. చాలామందికి ఇంట్లోనే ఆ పొయ్యి. వాళ్ళకి వర్క్‌ప్లేస్ ఏది? వర్క్-లైఫ్ బ్యాలెన్స్ అని అడిగితే, పొయ్యికి ఇటు పక్క వర్కు, అటు పక్క లైఫు అని చెప్పాలా?

భాష కూడా తమాషా చేస్తుంది. జాబ్ శాటిస్‌ఫాక్షన్ అన్న మాటని మనవాళ్ళు "ఉద్యోగ సంతృప్తి" అని అనువాదం చేస్తారు. పీచు దగ్గర పనిచేసే పెద్దావిడ దగ్గరికెళ్ళి "మీ ఉద్యోగంతో సంతృప్తిగా ఉన్నారా అమ్మా?" అని అడిగి చూడండి. "మాకు ఉద్యోగం ఎక్కడిది బాబూ, కూలి పనండి ఇది" అంటుంది. మన ఊళ్ళల్లో ఉద్యోగం అంటే గవర్నమెంటుదో, కంపెనీదో. మిగతాది పని. పోనీ "పని ఎలా ఉందమ్మా?" అంటే, "ఏదో, అలా జరిగిపోతందండి, ఆయ్" అంటుంది. ఇప్పుడు దాన్ని ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న గడుల్లో ఎక్కడ టిక్కు పెడతారు? మూడా? నాలుగా? పక్కన మేస్త్రీ నిలబడి ఉంటే అది ఐదు. ఆయన టీకి వెళ్తే రెండు.

ఇక వెళ్ళిన చోట ఉన్నవాళ్ళని మాత్రమే అడగడం ఇంకో గోతి. అంబాజీపేట చుట్టుపక్కల దింపు జరిగే తోటకి వెళ్ళి "ఈ పని మీద మీ అభిప్రాయం?" అంటే, అక్కడున్నది ఇంకా చెట్టు ఎక్కగలుగుతున్నవాళ్ళు. నడుం పోయి మానేసినవాడు, పడి మంచం పట్టినవాడు, భయమేసి వేరే పనిలోకి పోయినవాడు తోటలో ఉండడు కదా. ఆరోగ్య పరిశోధనల్లో దీన్ని హెల్దీ వర్కర్ ఎఫెక్ట్ అంటారు. పనిలో ఉన్నవాళ్ళని మాత్రమే చూస్తే ఎంత ప్రమాదకరమైన పనైనా పర్వాలేదనిపిస్తుంది. రాజోలు, మలికిపురం వైపు ఇదే ఇంకో రకం. గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళ గురించి ఊళ్ళో సర్వే చేస్తే దొరికేది తిరిగొచ్చినవాళ్ళు, లేదా సెలవు మీద వచ్చినవాళ్ళు. కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తూ సెలవు దొరకని ఆవిడ మీ లిస్టులో ఎప్పటికీ రాదు. అసలు అడగాల్సింది ఆవిడనే.

ఇప్పుడు గూగుల్ ఫామ్. నాకు నెలకి నాలుగైదు వస్తుంటాయి, మీకూ వస్తాయి. "ప్లీజ్ ఫిల్ చేయండి, రెండు నిమిషాలే." స్మార్ట్‌ఫోన్ ఉండాలి, ఇంగ్లీష్ కొద్దిగా రావాలి, పంపినవాళ్ళ ఫ్రెండ్ అయ్యుండాలి, మొహమాటం ఉండాలి. ఈ నాలుగూ ఉన్నవాళ్ళ అభిప్రాయం అది. లిటరరీ డైజెస్ట్ వాళ్ళ టెలిఫోన్ డైరెక్టరీకి ఇది తమ్ముడు. మొత్తానికి పనికిరాదనను, ఐటీ ఉద్యోగుల మీద స్టడీ అయితే కొంత నడుస్తుంది. పీచు యూనిట్‌కి నడవదు.

మరి ఆ చెల్లి ఏం చేయాలి? మొత్తం మీద ఒక మాట చెప్పడానికి వంద మంది తక్కువేం కాదు. కానీ రెండు పెద్ద యూనిట్లకి వెళ్ళి యాభై మంది చొప్పున అడిగేసి రావద్దు. ఒకే యూనిట్‌లోవాళ్ళకి ఒకే ఓనరు, ఒకే కూలి రేటు, ఒకే దుమ్ము. జవాబులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఎంత పోలి ఉన్నాయి అన్నదానికి సున్నా నుంచి ఒకటి దాకా ఒక కొలత ఉంది. అది పదో వంతు, అంటే 0.1 అనుకుందాం, పెద్దదేం కాదు. ఒక యూనిట్‌లో ఎంతమందిని అడుగుతున్నారో అందులోంచి ఒకటి తీసేసి, 0.1తో హెచ్చించి, ఒకటి కలపండి. యాభై మంది చొప్పున అయితే 5.9 వస్తుంది. వందని దాంతో భాగిస్తే 17. అంటే మీరు కష్టపడి వంద మందిని అడిగినా, అక్కడొకరు ఇక్కడొకరుగా 17 మందిని అడిగినదాంతో సమానం. అదే ఇరవై యూనిట్లకి వెళ్ళి ఐదుగురు చొప్పున అడగండి. 1.4 వస్తుంది, 71 మందితో సమానం. అదే వంద ఫామ్‌లు. పెట్రోలు ఖర్చు తేడా, అంతే.

లిస్టు ఎక్కడ దొరుకుతుందంటే, ఒక్క చోట దొరకదు. రిజిస్టర్ అయిన యూనిట్ల లిస్టులో చిన్నవి ఉండవు. డ్వాక్రా గ్రూపుల లిస్టులో ఆడవాళ్ళు దొరుకుతారు కానీ గ్రూపులో లేనివాళ్ళు, బయట నుంచి వచ్చి పనిచేసేవాళ్ళు ఉండరు. రెండూ తీసుకుని, ఊళ్ళో ఒకరోజు తిరిగి, చిన్న యూనిట్లు మీ చేత్తో రాసుకుని కలపాలి. అప్పుడు చీటీలు తీయండి. వానాకాలంలో పీచు ఎండదు, పని సరిగ్గా ఉండదు. అప్పుడు వెళ్తే దొరికేవాళ్ళు వేరు, ఎండాకాలంలో దొరికేవాళ్ళు వేరు. ఏ నెలలో వెళ్ళారో రిపోర్టులో రాయండి. పని దగ్గర కాకుండా సాయంత్రం ఇంటి దగ్గర అడగండి, చదివి వినిపించండి. అరగంట తీసుకుంటే ఆ అరగంట ఆవిడకి ఏదో పని ఆగిపోయిందని గుర్తుపెట్టుకోండి. ఫామ్ ఇవ్వకముందే ఒక పది మందితో ఊరికే మాట్లాడండి. వాళ్ళు చెప్పే కష్టాల్లోంచి ఫామ్‌లో లేని రెండు ప్రశ్నలైనా వస్తాయి. మానేసినవాళ్ళు ఇద్దరు ముగ్గురి ఇళ్ళు ఎక్కడో కూడా అప్పుడే అడిగి తెలుసుకోవచ్చు. ఎవరు మాట్లాడనన్నారో వాళ్ళనీ లెక్కపెట్టండి. 140 మందిని అడిగితే వంద మంది చెప్పారంటే, ఆ నలభై కూడా రిపోర్టులో ఉండాలి.

"అన్నా, ఇంత చేస్తే మార్కులు ఎక్కువేస్తారా?" అని అడుగుతారు. వేయకపోవచ్చు. పై చార్టులు తగ్గాయని ఒకట్రెండు తగ్గించొచ్చు కూడా. వైవాలో మాత్రం "ఈ వంద మంది ఎవరమ్మా?" అని అడిగితే మీ దగ్గర జవాబుంటుంది.

వచ్చే నెల ఎపిసోడ్ కోసం మీ సాయం కావాలి. అమలాపురం, రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం, ఎక్కడైనా సరే, మీ వీధిలో ఎవరు ఏ పని చేస్తారో కామెంట్‌లో రాయండి. బండారులంక మగ్గాలు, రొయ్యల చెరువుల కాపలా, అంతర్వేది పడవలు, మోరి జీడిపప్పు, ఏదైనా. పేర్లొద్దు, ఫోన్ నంబర్లొద్దు. ఏ టైమ్‌లో వాళ్ళు మాట్లాడ్డానికి ఖాళీగా ఉంటారో అదొక్కటీ తప్పకుండా రాయండి. ఉంటానండి మరి.